కొట్లో తమ్ముడి చేతులు

మొన్న పాత ఫోన్లో ఫొటోలు చూస్తుంటే 2020 ఏప్రిల్ నాటిది ఒకటి కనిపించింది. ఒడిశా బరంపురంలో మా వీధి కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు, ఒక్కో దాంట్లో ఒక్కో సంచి, మనుషులేమో అవతల అరుగు మీద నీడలో. కొట్లో పనిచేసే తమ్ముడు అందులో లేడు, లోపల కాటా దగ్గర ఉండుంటాడు.

అతనిది ఆంధ్రాలో ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరు, ఇక్కడికి పాతిక కిలోమీటర్లు, రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి రాత్రికి వెళ్ళిపోయేవాడు. మార్చి 25న లాక్‌డౌన్ పడ్డాక బోర్డర్ దాటనివ్వలేదు, ఇంటికెళ్తే మళ్ళీ రాలేడు, రాకపోతే జీతం లేదు, ఇంక చేసేదేముంది, కొట్టు వెనక గొడౌన్లో బియ్యం బస్తాల మీద దుప్పటి పరుచుకుని రెండు నెలల పైనే ఉండిపోయాడు.

అతను పొట్లం కడుతుంటే చూడ్డం నాకు చిన్న సరదా. వేలు నాలిక్కి తగిలించి కాగితం లాగి, పప్పు పోసి, గిరగిరా పురికొస చుట్టి పళ్ళతో పుటుక్కున తెంపేసేవాడు. ఏప్రిల్ 9 నుంచి ఒడిశాలో మాస్కు కంపల్సరీ అయ్యాక అవన్నీ పోయాయి, వేలు తడుపుకోడానికి గిన్నెలో తడి స్పాంజి, తాడుకి కట్టిన బ్లేడు ఒకటి వచ్చాయి. శానిటైజర్ రాసి రాసి వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది, ఆ చేతుల్తోనే ఎండుమిర్చి తూచేవాడు, ఉప్పు తూచేవాడు. మండట్లేదా తమ్ముడూ అంటే "ఉప్పు తూచినప్పుడేనక్కా" అన్నాడు.

మే నెలలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళలో మన గంజాం జిల్లా కూలీలు తిరిగొచ్చారు, తర్వాత జిల్లాలో కేసులు బాగా పెరిగాయి. అప్పట్నుంచి జనం అతన్ని చూసే చూపే మారిపోయింది. నూనె రేటు పెరిగిందని అతని మీదే అరుపులు, సరుకు లేదంటే దాచేశారని తిట్లు, రేటు పెట్టేది అతనా ఏంటి చెప్పండి! మేం వారానికోసారి వచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోయేవాళ్ళం, అతను మాత్రం రోజంతా అందరి ఊపిరి మధ్యా నిలబడ్డాడు, అందరి నోట్లూ ముట్టుకున్నాడు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకి కేంద్రం 50 లక్షల ఇన్సూరెన్స్ ఇచ్చింది, ఇవ్వాల్సిందే, కానీ కొట్లో తూకం వేసేవాళ్ళు ఆ లిస్టులో లేరు. మార్చి 22 సాయంత్రం మేడెక్కి చప్పట్లు కొట్టినప్పుడు ఇతను గుర్తొచ్చాడా అంటే నాకు రాలేదు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నేను కూడా డబ్బులు అతని చేతికి ఇవ్వలేదు. గల్లాపెట్టె పక్కన రేకు డబ్బా ఒకటి పెట్టారు, దూరంగా నిలబడి అందులో పడేసేదాన్ని, చిల్లర కూడా అందులోంచే ఏరుకునేదాన్ని.

ఆ తర్వాతెప్పుడో, మాస్కులు అందరూ తీసేశాక, కందిపప్పు కోసం వెళ్ళాను. కబుర్లు చెప్తూనే పొట్లం కట్టాడు, పురికొస మళ్ళీ పళ్ళతోనే తెంపాడు. నేను నోటు పట్టుకుని చెయ్యి ముందుకి చాపాను. అతను చూసుకోకుండా అలవాటు కొద్దీ డబ్బా నా వైపు జరిపాడు.