చేగోడీ విరిగాక అర్థమైన మెదడు బొమ్మ

ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్‌లో న్యూరోఅనాటమీ (మెదడు నిర్మాణం) ఇంటర్నల్ పరీక్ష రాస్తే స్పాటర్స్‌లో, అంటే చూపించిన భాగం పేరు చెప్పే ప్రశ్నల్లో, నాకు సగం మార్కులు కూడా రాలేదు. చదవక కాదు. పుస్తకంలో ప్రతి బొమ్మా చూశాను, స్కెచ్ పెన్నులతో రంగులు కూడా వేసుకున్నాను, మెదడు లోతుల్లో ఉండే ఒక్కో ముద్దకీ ఒక్కో రంగు: థాలమస్ పసుపు, కాడేట్ నీలం, పుటామెన్ ఆకుపచ్చ. తీరా డిసెక్షన్ హాల్లో ట్రే ముందు నిలబడితే ఫార్మలిన్‌లో నానిన మెదడు ముక్క, తెలుపూ బూడిద రంగూ తప్ప ఇంకేమీ లేదు, అందులో ఒకచోట గుండుసూదికి గుచ్చిన కాగితం జెండా. ఇదేంటో చెప్పమంటారు. నేను నీలం కోసం వెతుక్కుంటుండగానే బెల్ కొట్టేశారు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు రంగులు మానేశాను. ఏ బొమ్మ చూసినా ముందు ఒకటే ప్రశ్న: కత్తి ఎటు నుంచి ఎటు దిగింది? అడ్డంగానా, చెవి నుంచి చెవికి నిలువుగానా, ముక్కు నుంచి వెనక్కి రెండు చెక్కలుగానా?

నన్ను బాగా ఏడిపించింది కాడేట్. హారిజాంటల్ సెక్షన్‌లో, అంటే అడ్డంగా కోసిన ముక్కలో, ముందు ఒక లావు ముక్క, ఎక్కడో వెనకాల చిన్న చుక్క, రెండింటికీ అదే పేరు. నిజం చెప్తున్నా, అచ్చుతప్పు అనుకున్నాను. ఒక రాత్రి హాస్టల్లో అమ్మ పంపిన చేగోడీలు తింటుంటే ఒకటి సగానికి విరిగింది, విరిగిన వైపు చూస్తే రెండు గుండ్రటి చుక్కలు. ఓహో అనిపించింది! కాడేట్ కూడా థాలమస్ చుట్టూ అలా వంగే ఉంటుంది, పూర్తి చుట్టు కాదుగానీ ఇంగ్లిష్ సీ అక్షరంలా, తల లావు, తోక సన్నం. అడ్డంగా కోస్తే తల ఒకచోట, తోక ఒకచోట తెగుతాయి. దాన్ని అంటిపెట్టుకునే లేటరల్ వెంట్రికల్ అనే నీటి గదిది కూడా అదే వంపు, అందుకే అదీ ముందొకటి వెనకొకటి కనిపిస్తుంది.

అక్కడి నుంచి రోజుకో సెక్షన్, పుస్తకం మూసేసి పెన్సిల్‌తో గీయడం. ఈ ముద్దల మధ్య నుంచి నరాల పోగులు వెళ్లే తెల్లటి పట్టీ, ఇంటర్నల్ క్యాప్సూల్‌కి చాలా రోజులు పట్టింది. రెండు మోచేతులు మడిచి ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది, మడత కొన లోపలి వైపుకి. ముందు భాగం కాడేట్ తలకీ లెంటిఫార్మ్‌కీ (పుటామెన్ ఉండే ముద్ద) మధ్య, వెనక భాగం థాలమస్‌కీ లెంటిఫార్మ్‌కీ మధ్య. చేతినీ కాలినీ కదిలించే నరాల పోగులన్నీ ఆ వెనక సందులో నుంచే ఇరుకుగా దిగుతాయి కాబట్టి అక్కడ కాస్త రక్తం చిమ్మినా అవతలి వైపు చెయ్యీ కాలూ పడిపోతాయి. (1909లో బ్రాడ్‌మన్ మెదడు పైపొరలోని ప్రాంతాలకి ఇచ్చిన నంబర్లు మాత్రం నాకు ఇప్పటికీ బట్టీయే. 4 పక్కన 3, 1, 2 అని ఎవరైనా పెడతారా అసలు?)

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు బీరువాలోంచి తాతయ్య సీటీ ఫిల్మ్ తీశాను, పక్షవాతం వచ్చిన రోజు తీయించింది. కిటికీ వెలుతురుకి పట్టుకుంటే తెల్ల మచ్చ, సరిగ్గా థాలమస్ పక్క సందులో, కానీ ఫిల్మ్‌లో కుడి పక్కన. తాతయ్యకి పడిపోయింది కుడి చెయ్యీ కుడి కాలే, అంటే మచ్చ ఎడమ మెదడులో ఉండాలి కదా! తిరగేసి పట్టుకున్నానేమోనని రెండుసార్లు తిప్పి చూశాను. పేషెంట్ కుడి వైపుని చూపించే ఆర్ అక్షరం ఎడమ అంచున తిన్నగానే ఉంది. సీటీని పేషెంట్ కాళ్ల దగ్గర నిలబడి తల వైపు చూస్తున్నట్టు చూపిస్తారట, అక్కడ మన ఎడమ ఆయనకు కుడి. నా పుస్తకంలో బొమ్మేమో నెత్తి మీద నుంచి చూసినట్టు. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకుని చదువుతున్నా.

"ఏంటే అది, అంతసేపు చూస్తున్నావు?" అంటూ నానమ్మ వచ్చింది. మచ్చ మీద వేలు పెట్టి చూపించాను. కళ్లజోడు సర్దుకుని దగ్గరగా వంగి చూసింది.

"రేగుపండంత కూడా లేదు కదే," అంది.