బండలాగుడు, ఎండ, నా జూమ్ లెన్సు

లెన్సు చెడిపోయిందనే అనుకున్నా. సెకండ్ హ్యాండులో కొన్న 70-300 అది, అంటే 70 నుంచి 300 మిల్లీమీటర్ల దాకా జూమ్ లాగొచ్చు. ఉగాది జాతరలో బండలాగుడు పోటీలకు తీసుకుపోయి, పన్నెండు నుంచి మూడు దాకా షామియానా నీడ వదలకుండా, బరి ఆ చివర నుంచి వచ్చే గిత్తలను 300లో లాగి లాగి నాలుగు వందల ఫొటోలు తీశా. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఒక్కటీ నికార్సుగా లేదు. చెరువు నీళ్లలో నీడ చూసినట్టు కొమ్ములు వంకర్లు తిరిగి ఉన్నాయి.

నాది ఆదోనిలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లే నా తిండి. పెళ్లిలో మనం ఆగమంటే ఆగుతారు, ఫొటో కోసం తలంబ్రాలు రెండోసారి కూడా పోస్తారు. ఎద్దులు ఆగవు.

లెన్సు సంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కా. అక్కడ చాలా ఏళ్లు పత్రికలకు ఫొటోలు తీసిన పెద్దాయన ఉన్నాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా లెన్సు బిగించి, మేడ మీదికి పోయి, కొండారెడ్డి బురుజు వైపు పెట్టి రెండు క్లిక్కులు కొట్టాడు. పొద్దున తొమ్మిది కావస్తోంది. బురుజు రాళ్ల సందులు కూడా లెక్కపెట్టొచ్చు, అంత బాగా వచ్చింది.

"ఎద్దులను ఎన్ని గంటలకు తీసినావబ్బీ?"

"మధ్యాహ్నం అన్నా."

"కాలిన పెనం మీద గాలి ఆడేది చూసినావా? నీకూ ఎద్దుకూ నడుమ ఉండేది అదే. ఎంత దూరం నుంచి లాగితే అంత గాలి ఫొటోలోకొస్తాది. ఏ లెన్సయినా అంతే."

ఆ తర్వాత నా ఫొటోల వివరాలు చూసి ఇంకో తప్పు పట్టాడు. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతే పెట్టా. స్టెబిలైజర్ ఉంది కదా అని నా ధీమా. అది నా చెయ్యి వణకడాన్ని ఆపుతుంది గానీ ఎద్దు కాలిని ఆపదు. నిజం చెప్పాలంటే ఇది నాకు తెలియనిది కాదు, పెళ్లిళ్లలో అవసరం రాక మరిచిపోయా.

రెండు వారాలకు పక్క ఊర్లో మళ్లీ పోటీలు. ఈసారి 70-200, 2.8 లెన్సు అద్దెకు తెచ్చా. ఈ 2.8 అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత వెలుతురు వస్తుంది. కిలోన్నర బరువు. గంట మోస్తే మెడ పట్టేసింది, అందుకే మోనోపాడ్‌ను, అంటే ఒంటికాలి స్టాండును, లెన్సు చుట్టూ ఉండే పట్టీకే బిగించా. పొద్దున మొదటి జతలు దిగేటప్పటికే బరి చివర, తాడు వెనక మోకాళ్ల మీద కూచున్నా. ఎదురుగా, కింది నుంచి తీస్తే గిత్తలు, బండ, చర్నాకోలల వాళ్లు, వెనక జనం అంతా ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టినట్టు దగ్గరికొస్తారు. జూమ్ అందమంతా ఆ దొంతరలోనే ఉంది.

షట్టర్ 1/1000, ఫోకస్ వదలకుండా వెంటాడే మోడ్, పాయింటు ఎద్దు ముఖం మీద. అయినా తిప్పలు తప్పలేదు. నల్లరేగడి మట్టి, నల్లటి జనం తలలు చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, తెల్లటి ఒంగోలు గిత్త వీపు సున్నం కొట్టినట్టు అయిపోతుంది. వెలుతురును డయల్ మీద రెండు మెట్లు, అంటే మైనస్ 0.7 దాకా తగ్గిస్తే గాని వెంట్రుకలు కనబడలేదు. ఇక మలుపు దగ్గర దుమ్ము లేచి, అసలైన క్షణంలో కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ (బఫర్) నిండి ఆగిపోయింది. బరువైన రా ఫైళ్లు మానేసి చిన్నగా ఉండే జేపెగ్‌లోకి మారా. ఆ దుమ్ములో లెన్సు మార్చే పని మాత్రం పెట్టుకోలేదు.

భయపడింది ఒక్కసారే. జత బరి తప్పి పక్కకు వచ్చింది. ఫ్రేము నిండా ముట్టె, నురగ. భలే ఉందని నొక్కుతూనే ఉన్నా. జూమ్‌లో చూసేవాడికి దూరం తెలియదు. ఎవరో పిల్లోడు నా చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఆ ఫొటో షేక్ అయింది, ఏ స్టెబిలైజరూ పనిచెయ్యలేదు.

రాత్రి అదే ఊర్లో కబడ్డీ. ఎల్ఈడీ లైట్లు. 2.8 దగ్గర 1/500 పెడితే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే సున్నితత్వం, 6400 అడిగింది. నా పాత లెన్సు చివరకు లాగితే 5.6, దాంతో అయితే 25600 కావాలి. పైగా ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/100కి దించితే చారలు పోయాయి, దాంతోపాటు ఆటగాళ్ల చేతులూ మసకయ్యాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ (మిణుకు చూసుకుని క్లిక్ కొట్టేది) ఆన్ చేసి మళ్లీ 1/500కి పోయా. వరుసగా ఫొటోలు కొట్టే వేగం కొంచెం తగ్గినా పని జరిగింది.

మర్నాడు గెలిచిన జత యజమాని స్టూడియోకి వచ్చాడు. నేను మురిసిపోతూ 200లో తీసిన ముఖాలు చూపించా. కొమ్ములు, కళ్లు, ఎగిరే మట్టి బెడ్డలు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

"మూపురం నరికేసినావు కదబ్బీ. తోక యాడుంది? బండ యాడుంది?"

చివరికి 70లో, పోటీకి ముందు ఊరికే తీసిన ఫొటో పట్టుకున్నాడు. గిత్తలు రెండూ తలకాయ నుంచి తోక దాకా, వెనక బండ, పక్కన తలగుడ్డతో ఆయన. లామినేషన్ చేసి రెండు కాపీలిమ్మన్నాడు, ఒకటి ఇంట్లోకి, ఒకటి కొట్టంలోకి.