చిత్తూరులో కొన్న రెండు గిటార్ పికప్పులు: ఏది ఒరిజినల్, ఏది డూప్లికేట్

ఏప్రిల్ చివర్లో చిత్తూరు పోయి నా ఎలక్ట్రిక్ గిటార్‌కి రెండు సెకండ్ హ్యాండ్ హంబకర్లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే, రెండు కాయిల్స్ ఉన్న పికప్పులు) తెచ్చుకున్నాను. బ్రిడ్జి వైపుకి సేమూర్ డంకన్ అనే అమెరికన్ కంపెనీ జేబీ మోడల్, నెక్ (గిటార్ మెడ) వైపుకి అదే కంపెనీ జాజ్ మోడల్, రెండూ కలిపి 6,500. బాక్సుల్లేవు, బిల్లు లేదు. అమ్మిన అన్న మంచోడే, టీ కూడా తాగించాడు. తిరుపతిలో బస్సు దిగాకే టెన్షన్ మొదలైంది, ఇంతకీ ఇవి అసలువేనా అని.

మొదటి రోజు: మల్టీమీటర్ 20కె (20 కిలో ఓమ్స్) రేంజిలో పెట్టి కాయిల్ రెసిస్టెన్స్ చూశాను. జేబీకి కంపెనీ చెప్పే లెక్క 16.4 కిలో ఓమ్స్ దగ్గర, నాకు 17.3 చూపించింది. జాజ్ 7కీ 8కీ మధ్య ఉండాలి, 7.6 వచ్చింది. జేబీ డూప్లికేట్, జాజ్ ఒరిజినల్ అని తేల్చేసుకుని, డబ్బులు పోయాయని ఏడ్చుకుంటూ పడుకున్నాను.

రెండో రోజు: చంద్రగిరిలో మా మామ బోరు మోటర్లకి వైండింగ్ కడతాడు. ఫోన్లో చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలకి చూశావురా?" మధ్యాహ్నం రెండింటికి, మిద్దె మీద రేకుల గదిలో, 40 డిగ్రీల ఎండలో. రాగి తీగ ఒక్కో డిగ్రీ వేడెక్కితే ఓమ్స్ సుమారు 0.4 శాతం పెరుగుతాయట, కంపెనీ వాళ్ళు మన ఎండలో కూర్చుని కొలవరు కదా. మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకి, 28 డిగ్రీలున్నప్పుడు, అదే జేబీ 16.6 చూపించింది. ప్రాణం లేచొచ్చింది.

ఇంకోటి, పికప్ గిటార్లోనే ఉండగా కేబుల్ గుచ్చే జాక్ దగ్గర కొలిస్తే వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్) కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. 500కె పాట్ ఫుల్లుగా తిప్పి ఉన్నా 16.4 కాస్తా 15.9 అవుతుంది. వైరు విప్పి విడిగా కొలవాల్సిందే.

మామ చెప్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. సన్న గేజ్ తీగ వాడితే తక్కువ చుట్లతోనే ఏ నంబరు కావాలంటే ఆ నంబరు తెప్పించవచ్చు, కాబట్టి ఓమ్స్ సరిపోయినంత మాత్రాన ఒరిజినల్ అనుకోకూడదు. అప్పుడు పడింది జాజ్ మీద అనుమానం.

శనివారం: వైర్లు. సేమూర్ డంకన్ నాలుగు వైర్ల పికప్‌లో నలుపు, తెలుపు ఒక కాయిల్, ఎరుపు, ఆకుపచ్చ రెండో కాయిల్. ఎరుపు, తెలుపు కలిపి అతికిస్తారు, నలుపు హాట్ (సిగ్నల్ వచ్చే వైరు), ఆకుపచ్చ, బేర్ వైరు గ్రౌండ్. అతుకు విప్పి చూస్తే జేబీలో నలుపు-తెలుపు 8.3, ఎరుపు-ఆకుపచ్చ 8.3, నలుపు-ఎరుపు మధ్య ఏమీ రాలేదు. అలాగే ఉండాలి. జాజ్‌లో మాత్రం నలుపు-ఎరుపు మధ్యే 3.8 వచ్చింది! అది డిమార్జియో అనే ఇంకో పికప్ కంపెనీ వాళ్ళ రంగుల వరస. ఎవరైనా రిపేరులో వైరు మార్చి ఉండొచ్చు, కాబట్టి అప్పుడే దొంగ అనలేదు.

ఆదివారం మరలు చూశాను. అమెరికన్ హంబకర్ల పోల్ స్క్రూ (ఒక్కో గిటార్ తీగ కింద ఉండే మర) ఇంచుల లెక్కలో ఉంటుంది, లావు 3.2 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. చవక కాపీల్లో ఎక్కువగా ఎం3, అంటే 3 మిల్లీమీటర్ల మర. జేబీ స్క్రూ ఒకటి తీసి జాజ్‌లో పెడితే మొదటి చుట్టుకే పట్టేసింది, బలవంతం చేయకుండా తీసేశాను. గాంధీ రోడ్డులో పది రూపాయలకి కొన్న ఎం3 మర మాత్రం వెన్నలో దిగినట్టు దిగింది. జాజ్ కింది ప్లేటు చెవులకి ఫ్రిజ్ మాగ్నెట్ టక్కున అతుక్కుంది, జేబీ చెవులకి అంటలేదు, ఎందుకంటే అది మాగ్నెట్ అంటని నికెల్ సిల్వర్. ప్లేటు మధ్యలో పెట్టి చూడకండి, లోపలి మాగ్నెట్ వల్ల ఏదైనా అంటుకుంటుంది.

చివరగా ఆంప్‌కి కలిపి స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాను. కాయిల్ తీగ అదరకుండా మైనంలో ముంచిన జేబీ గొంతు పెగలనట్టు చిన్నగా పలికింది, జాజ్ మాత్రం తలుపు కొట్టినట్టు టకటకలాడింది, దగ్గరగా "హలో" అంటే స్పీకర్లో వినిపించింది కూడా. టేపు విప్పి లోపల చూద్దామని చెయ్యి దురద పెట్టింది కానీ వెంట్రుక కంటే సన్నటి తీగ, తెగితే ఉన్నదీ పోతుంది.

గుర్తులన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఫోటోలు పంపితే ఆ అన్న, "నేనూ సెకండ్లోనే కొన్నాను తమ్ముడూ" అని 2,000 వెనక్కి వేశాడు. నమ్మాను.

జేబీని వచ్చే ఆదివారం కొత్త 500కె పాట్లతో బిగిస్తాను. జాజ్ నెక్ వైపు క్లీన్ టోన్‌కి నిజంగా బాగుంది, ఆంప్‌లో గెయిన్ (డిస్టార్షన్) పెంచితేనే కూత పెడుతోంది, అందుకని ఉంచేశాను. రేపు నేను అమ్మినా ఎవరూ మోసపోకుండా వెనక మార్కర్‌తో డూప్లికేట్ అని రాశాను.