మిర్చి యార్డులో మా తొమ్మిదో తరగతి

ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లల్ని గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లాం. ఈ సంగతి చెప్పినప్పుడే ఒక తల్లి నవ్వేసింది. "అక్కడ చూడ్డానికేముంది టీచర్, మా చేలో పండేదేగా! ఉప్పలపాడు కొంగల దగ్గరికన్నా తీసుకెళ్లండి" అంది. కొంగలు బాగానే ఉంటాయి, కాదనను. కానీ సోషల్ పుస్తకంలో గిరాకీ, సరఫరా పాఠం చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది.

గేటు దాటీ దాటకముందే తుమ్ములు. మాస్కులు తెచ్చుకోమంటే సగం మంది కర్చీఫులు, చున్నీలతో సరిపెట్టారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తున్న హమాలీ ఒకాయన మమ్మల్ని చూసి, "కాసేపుంటే అలవాటైపోద్దిలే అమ్మా" అంటూ వెళ్లిపోయాడు. అలవాటేమీ కాలేదు.

సీజన్లో రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయని పేపర్లో చదివే పిల్లలకు, ఆ వరసల మధ్య నడిస్తేగానీ లక్షంటే ఏమిటో తెలియలేదు. కమీషన్ కొట్టు గుమస్తా ఓపికగా అన్నీ చూపించాడు. సన్నగా, పొట్టిగా, ఘాటెక్కువగా ఉండేది తేజ. ముడతలు పడి, ఘాటు తక్కువై, రంగు బాగా ఇచ్చేది బాడిగ. 334 ఇక్కడి లాం ఫారంలోనే, అంటే గుంటూరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే, పుట్టిన రకం అనేసరికి పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. రోజూ లాం మీదుగా బస్సులో వచ్చేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు మరి.

కొనేవాళ్లు బస్తాలో లోపలి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తారు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమనాలి. అలా అంటే బాగా ఎండినట్టు. చప్పుడు రాకపోతే తేమ ఉన్నట్టే, ధర దిగిపోతుంది. తెల్లబడిన తాలుకాయలు ఎన్ని కలిశాయో చూస్తారు. ఇంత చూసీ వాళ్లు ధర చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలూ పక్కనున్న రైతు మొహం చూడమని పిల్లలకు నేను చెప్పలేదు. వాళ్లే చూశారు.

మా క్లాసులో పెద్దగా నోరు విప్పని ఒక అమ్మాయి బస్తా మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగింది: "ధర పెరిగేదాకా ఏసీలో పెట్టుకోవచ్చు కదా తాతా?" మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అనే అంటారు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "పెట్టొచ్చమ్మా. అప్పిచ్చినోడు ఆగొద్దూ!" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే ఆ మాట మీద లెక్క వేయించాను. ఇరవై క్వింటాళ్ల కాయ, రెండు లక్షల అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనుకోమన్నాను. నెలకు నాలుగు వేలు. ఐదు నెలలు ఆగితే ఇరవై వేలు. అంటే క్వింటాలుకు వెయ్యి రూపాయలు పెరిగితే వడ్డీకే చెల్లు. ఏసీ అద్దె, రవాణా, హమాలీ కూలి దాని మీద అదనం. బారువడ్డీ అంటే బల్ల కింద దాక్కునేవాళ్లు సీట్ల మీదికి ఎక్కి మరీ అరుస్తూ చెప్పారు. సరఫరా తగ్గితే ధర పెరుగుతుందని పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది. అందాకా ఆగగలిగేదెవరో అందులో లేదు. నాకు అసలు పాఠం అదే అనిపిస్తుంది.

"ఐదు నెలలు ఆగాక ధర ఇంకా పడిపోతే టీచర్?" అని వెనక సీట్లోంచి ఒకడు. ఆ లెక్క రేపు మొదటి పీరియడ్లో బోర్డు మీద వాడే వేయాలని చెప్పాను. దిగేటప్పుడు అందరికీ ఒకటే హెచ్చరిక: ఇంటికెళ్లగానే చేతులు సబ్బుతో రెండుసార్లు కడగండి, అప్పటిదాకా కళ్లు నలుపుకోకండి. ఇది రాస్తుంటే నాకే కళ్లు మండుతున్నాయి.