పెన్న మొగలో ఉప్పు ఎంత అంటే, ఏ వేళ అని అడగాలి

సముద్రపు నీటిలో ఉప్పు ఎంత అని అడిగితే కడపలోని మా విద్యార్థులు తడుముకోకుండా కిలోకు 35 గ్రాములని చెబుతారు. నడిసముద్రానికి ఆ అంకె దాదాపు సరిపోతుంది. మన పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే చోట మాత్రం, ఏ వేళ, ఎంత లోతున ముంచిన నీరో చెప్పని అంకెకు విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

మన తీరంలో సుమారు 24 గంటల 50 నిమిషాలలో రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఘనమీటరుకు దాదాపు 1025 కిలోలు తూగే ఉప్పునీరు, 1000 కిలోలు తూగే ఏటినీటి కంటే బరువైనది కనుక, పోటు వేళ అది అడుగు పట్టి లోపలికి వస్తుంది. అందుకే ఏట్లో నీరు పారుతున్న రోజుల్లో పైన ముంచిన చెంబెడు నీరు చప్పగా ఉన్న చోటే, తాడు కట్టి దింపిన సీసాలోకి ఉప్పునీరు రావచ్చు.

అమావాస్య, పౌర్ణమి పోట్లు పెద్దవి కాబట్టి ఉప్పు కూడా అప్పుడే ఎక్కువ దూరం ఎగబాకాలని తోస్తుంది. చాలా నదీముఖాల్లో అలా జరగదు. పెద్ద పోటు పై పొరనూ కింది పొరనూ కలిపేస్తుంది. అష్టమి నాటి బలహీనమైన పోటు కలపలేదు కనుక, అడుగున ఉప్పు చెక్కుచెదరకుండా మరింత ఎగువకు పాకుతుంది. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇదే. వేసవిలో పెన్న వట్టిపోతే పొరల మాటే ఉండదు, మొగంతా ఉప్పే.

కలక సంగతి మన నేలకు ఇంకా దగ్గరిది. పెన్న ఉపనది కుందూ రేగడి భూముల నుంచి తెచ్చే సన్నని మట్టి రేణువులు రుణ విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మంచినీటిలో తేలుతుంటాయి. జలాశయాలు ఆపగా మిగిలినవి ఉప్పునీటిని తాకగానే ఆ ఆవేశం అణగి, అతుక్కొని, దూదిపింజల్లా అడుగుకు దిగుతాయి. ఆటు వేగం పుంజుకున్నప్పుడు ఆ ఒండ్రే మళ్లీ లేచి నీటిని మురికిగా మారుస్తుంది.

ప్రాణవాయువు లెక్క మరీ చిక్కైనది. 25 డిగ్రీల వద్ద మంచినీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలిగితే సముద్రపు నీరు 6.7 మాత్రమే ఇముడ్చుకోగలదు. అయినా వాస్తవంలో, కుళ్లిన ఆకులున్న పాయల నుంచి ఆటుతో బయటికి వచ్చే నీటిలోనే ఆక్సిజన్ తరచుగా తక్కువగా ఉంటుంది. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఆగిపోవడం వల్ల తెల్లవారుజాముకు అది మరింత పడిపోతుంది. ఆటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, అది వేకువతో కలిసే రోజులు చేపలకు, రొయ్యలకు అత్యంత కష్టమైనవి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆటుపోట్ల వేళలను ముందే ప్రకటిస్తుంది గనుక, నమూనా తీసేవారు ఆ రోజులను ఎంచుకొని, పోటు నిండినప్పుడొకటి, ఆటు ముగిసేటప్పుడొకటి తీసి, సీసా మీద వేళనూ లోతునూ రాయాలి.