సా కదలకూడదు

ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు. మా ఆర్కెస్ట్రా వాళ్లందరికీ ఇదే విశ్రాంతి. తిరుపతి ఎండకు బయటికి కదలబుద్ధి కాక, కాఫీ తాగి కీబోర్డు ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేదు.

పెడల్ స్టీల్ గిటార్ నాదం పట్టుకోవాలని ఎన్నాళ్ల కోరికో. ఆ పేరుతో వాయిస్ కీబోర్డులో ఉండనే ఉంది. మీట నొక్కితే ధ్వని వస్తుంది, వాద్యం ప్రాణం మాత్రం రాదు. అసలు వాద్యంలో ఎడమచేతి ఉక్కు కడ్డీ తీగల మీద జారుతూంటే, పెడళ్లూ మోకాలి లీవర్లూ కొన్ని తీగల శ్రుతినే మార్చేస్తాయి. 1954లో స్టీల్ వాద్యకారుడు బడ్ ఐజాక్స్ వాయించిన రికార్డు వచ్చాక అమెరికా కంట్రీ సంగీతంలో ఈ పద్ధతికి ఆదరణ పెరిగింది. పది తీగలకు ఈ9 అనే శ్రుతి అమరికలో మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కితే స-గ-ప కాస్తా స-మ-ద అవుతుంది. గా అర స్వరం, పా పూర్తి స్వరం పైకి పోతాయి. సా ఉన్నచోటే ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా నా ఒళ్లు పులకరించేది అక్కడే.

కీబోర్డులో శ్రుతిని పైకీ కిందికీ జరిపే బెండ్ చక్రం తిప్పితే మూడు స్వరాలూ కట్టగట్టుకుని లేస్తాయి. అందుకే తాళమూ తోడు వాద్యాలూ దానంతటదే వాయించే స్టయిల్ ఆపి, కీబోర్డును రెండుగా విభజించి, రెండు వైపులా స్టీల్ వాయిసే పెట్టాను. ఎడమ కాలి పెడల్‌కు, తొక్కితే శ్రుతిని జార్చే గ్లైడ్ అప్పగించి, కుడి భాగం ఒక్కటే రెండు అర స్వరాలు లేచేలా చేశాను. ఎడమచేతిలో సా, కుడిచేతిలో పా. గా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది కుదరాలి. కుడి కాలు వాల్యూమ్ పెడల్ మీద. మీట తగిలేటప్పుడు శబ్దం తగ్గించి, నాదం సన్నగిల్లుతూంటే మెల్లగా పెంచాలి. స్టీల్ వాద్యకారులు చేసేదీ ఇదే.

పక్కింటి పిన్ని ఇక్కడి ఎస్వీ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నారు. కరివేపాకు కోసం వచ్చి, గుమ్మంలోనే నిలబడి విన్నారు.

"దా పలికింది నాయనా, పా నుంచి అక్కడికి వెళ్లిన దారే వినపడలేదు" అన్నారు.

"ఇప్పుడు వినండి పిన్నీ" అని గ్లైడ్ వేగం తగ్గించి మళ్లీ వాయించాను. పా సాగుతూ సాగుతూ దా అయింది. కింద సా చెక్కుచెదరలేదు. పిన్ని కళ్లు మూసుకుని తల ఊపారు.

అమరికను కీబోర్డు జ్ఞాపకంలో, అంటే రిజిస్ట్రేషన్‌లో భద్రపరిచాను. గా కోసం రేపు ఇంకో భాగం కలపాలి, దానికి ఒక్క అర స్వరం చాలు.