ఏ డయోనిసియస్?

ప్రాచీన గ్రీకు, రోమన్ చరిత్రకు సంబంధించిన పుస్తకం ఏది చేతికి వచ్చినా ముందుగా చివరి పుటల్లోని పదసూచికను తిరగేయడం నాకు అలవాటు. ఏ పేరు ఎన్ని పుటల్లో వస్తున్నదో చూస్తే రచయిత దృష్టి దేనిమీద ఉన్నదో కొంత ముందే తెలిసిపోతుంది. ఆ అలవాటు వల్లనే డయోనిసియస్ అనే పేరు నా కంటబడింది. ఒకే పేరు సూచికలో ఆరేడు వరుసల పొడవునా కనిపిస్తుంది. ఒకదాని పక్కన ఊరి పేరు, మరొకదాని పక్కన వృత్తి, ఇంకొకదాని పక్కన బిరుదు. క్రీస్తు శకానికి లెక్క కట్టిన డయోనిసియస్, దేవదూతల శ్రేణులను వర్ణించిన డయోనిసియస్ ఒకరేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఇద్దరూ ఇంచుమించు ఒకే కాలంవారు కావడం నా పొరపాటుకు ఉన్న ఏకైక సాకు. అయితే ఈ పేరు దగ్గర తడబడిన వారి జాబితా చూసిన తరువాత నా సిగ్గు కొంత తగ్గింది. అందులో మఠాధిపతులూ ఉన్నారు, చరిత్రకారులూ ఉన్నారు.

డయోనిసియస్ అంటే డయోనిసస్‌కు చెందినవాడు అని అర్థం. డయోనిసస్ ద్రాక్షమద్యానికీ, ఉన్మాదానికీ, నాటకానికీ అధిదేవత. దేవుడి పేరు కలిసేలా బిడ్డకు పేరు పెట్టడం గ్రీకులలో సర్వసాధారణం. అపొలో నుంచి అపొలోనియస్, డిమీటర్ నుంచి డిమెట్రియస్ వచ్చినట్లే డయోనిసస్ నుంచి డయోనిసియస్ వచ్చింది. గ్రీకులకు ఇంటిపేర్లు లేవు. మనిషికి ఉన్నది ఒక్క పేరే. ఎవరో తెలియజెప్పవలసి వస్తే తండ్రి పేరో, ఊరి పేరో జోడించేవారు. ఊళ్లో ఉన్నంతకాలం అది సరిపోతుంది. ఆ మనిషి రాసిన గ్రంథం ఊరు దాటి, శతాబ్దాలు దాటి పోయినప్పుడే చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే ప్రతులు రాసేవారు తోకను వదిలేసి తలను మాత్రమే మిగిల్చేవారు.

అందరిలోకీ పేరుమోసినవాడు సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నియంత మొదటి డయోనిసియస్. క్రీ.పూ. 405లో అధికారం చేజిక్కించుకుని 367లో మరణించే దాకా దానిని వదల్లేదు. కార్తేజ్‌తో యుద్ధాలకోసం అతడు దేశదేశాల శిల్పులను, కమ్మరులను పిలిపించగా, వారి చేతుల్లోనే క్రీ.పూ. 399లో కాటపుల్ట్ అనే, దూరానికి బాణాలు విసిరే యుద్ధయంత్రం పుట్టిందని గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. ప్లేటో అతడి కొలువుకు వెళ్లాడు. ఆ భేటీ సుఖాంతం కాలేదు. తలమీద ఒక్క గుర్రపు వెంట్రుకతో వేలాడుతున్న కత్తి కింద కూర్చోబెట్టి రాజభోగం అంటే ఏమిటో తన కొలువులోని డామొక్లిస్‌కు రుచి చూపించిన ప్రభువు ఇతడేనని రోమన్ రచయిత సిసెరో చెప్పాడు. ఇంతటి కఠినుడికి కవి అనిపించుకోవాలని తీరని ఆశ. చివరికి ఏథెన్స్ నాటకోత్సవంలో అతడి విషాదాంత నాటకానికి బహుమతి వచ్చిందన్న కబురు విని, ఆ సంబరంలో అతిగా తాగి మరణించాడని డయోడోరస్ కథనం. మద్యానికీ నాటకానికీ దేవుడైనవాడి పేరు పెట్టుకున్న మనిషికి ఇంత చక్కగా అమరిన మరణాన్ని నేను పూర్తిగా నమ్మను. కాని ఆ కథ కట్టినవాడికి పేరు అర్థం తెలుసునని మాత్రం నమ్ముతాను.

కొడుకు రెండవ డయోనిసియస్‌కు తండ్రి సామర్థ్యం రాలేదు. రాజ్యం పోగొట్టుకుని, తిరిగి తెచ్చుకుని, మళ్లీ పోగొట్టుకుని, చివరికి కొరింత్ నగరం చేరి అక్కడ పిల్లలకు చదువు చెప్పుకున్నాడని సిసెరో అంటాడు. పెత్తనం లేకుండా బతకలేక బడిపంతులయ్యాడని అక్కడ ఒక ఎత్తిపొడుపు కూడా ఉంది. కొరింత్‌లోని డయోనిసియస్ అన్న మాట గ్రీకులో సామెతగా నిలిచిపోయింది.

పాఠం చెప్పడమే జీవితంగా పెట్టుకున్న డయోనిసియస్ వేరే ఉన్నాడు. క్రీ.పూ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో అరిస్టార్కస్ అనే పండితుడి దగ్గర చదువుకుని, తరువాత రోడ్స్ ద్వీపంలో బోధించిన ఇతడికి తండ్రి థ్రేస్ దేశపు పేరు గలవాడు కావడంతో థ్రాక్స్ అన్న తోక తగిలింది. ఇతడి పేరు మీద నిలిచిన గ్రీకు వ్యాకరణం చాలా చిన్నది. నామం, క్రియ, క్రియాజన్య విశేషణం, ఆర్టికల్, సర్వనామం, విభక్తి సూచకం, క్రియావిశేషణం, సముచ్చయం అంటూ మాటలను ఎనిమిది భాగాలుగా విడగొట్టింది అదే. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కాబట్టి రోమన్లు దాని స్థానంలో ఆశ్చర్యార్థకాన్ని చేర్చి ఎనిమిది సంఖ్యను కాపాడుకున్నారు. యూరప్ బడులలో తరతరాలుగా పిల్లలు వల్లె వేసిన భాషాభాగాల పట్టిక మూలం అక్కడ ఉంది. సిరియాక్, ఆర్మేనియన్ భాషలలోకి కూడా ఈ చిన్న పుస్తకం వెళ్లింది. అందులో ఎంత భాగం నిజంగా థ్రాక్స్ రాసినదన్న తగువు పండితులలో నేటికీ తెగలేదు.

అదే తరహా విద్వాంసుడు హాలికర్నాసస్ డయోనిసియస్. అగస్టస్ అంతర్యుద్ధాలకు ముగింపు పలికిన రోజులలో రోమ్ చేరి, 22 ఏళ్లు అక్కడే ఉండి లాటిన్ నేర్చుకుని, రోమన్ల ప్రాచీన చరిత్రను 20 భాగాలుగా గ్రీకులో రాశాడు. రోమన్లు మూలంలో గ్రీకులేనని తన జాతివారిని ఒప్పించడం అతడి పట్టుదల. ఓడినవారికి ఇది చల్లని మాటే.

భారతదేశానికి వచ్చిన డయోనిసియస్ కూడా ఒకడున్నాడని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఈజిప్టును పాలించిన రెండవ టాలెమీ మన దేశానికి పంపిన రాయబారి పేరు డయోనిసియస్ అని రోమన్ రచయిత ప్లినీ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాడు. అశోకుడి 13వ శిలాశాసనంలో తురమాయ అని కనిపించే రాజు ఈ టాలెమీయే. అంటే ఆ రాయబారి వచ్చినది బిందుసారుడి కొలువుకో అశోకుడి కొలువుకో అయి ఉండాలి. అతడు ఇక్కడ చూసినదంతా అతడితోనే పోయింది.

ఇక అసలు చిక్కుముడికి వస్తాను. మద్యదేవత పేరు క్రైస్తవంలోకి ఎలా ప్రవేశించిందని అడిగితే, మతం మారినా పేరు మార్చుకోవలసిన అవసరం తొలినాటి క్రైస్తవులకు కనిపించలేదన్నదే జవాబు. ఏథెన్స్‌లో పౌలు ప్రసంగం విని విశ్వసించినవారిలో ఆరియోపగస్ అనే నగర న్యాయసభలో సభ్యుడైన డయోనిసియస్ ఒకడని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చివరి వచనం చెబుతుంది. అతడి గురించి నూతన నిబంధన చెప్పేది అంతే. రెండవ శతాబ్దంలో కొరింత్‌కు బిషప్పుగా ఇంకొక డయోనిసియస్ ఉండేవాడు. మూడవ శతాబ్దపు మధ్యకాలంలో గాల్ దేశానికి వెళ్లి, పారిస్‌లో తల నరికించుకున్న బిషప్పు మరొక డయోనిసియస్. ఫ్రెంచివారి నోట ఆ పేరు డెనిస్ అయింది. తెగిన తలను తానే చేతుల్లో పట్టుకుని కొంత దూరం నడిచాడన్న ఐతిహ్యం వల్ల శిల్పులు ఆయనను ఎక్కడ ఉన్నా గుర్తుపట్టేలా చెక్కగలిగారు. ఆయన సమాధి దగ్గర వెలసిన సెయింట్ డెనిస్ మఠం ఫ్రాన్స్ రాజుల శ్మశానవాటిక అయింది.

ఆరవ శతాబ్దం మొదట్లో గ్రీకులో కొన్ని గ్రంథాలు బయటికి వచ్చాయి. దేవుడి నామాలను గురించి ఒకటి, దేవదూతల తొమ్మిది శ్రేణులను గురించి ఒకటి, వాక్కుకు అందని దైవానుభవాన్ని గురించి ఒకటి, ఇంకా పది లేఖలు. వీటిని రాసినవాడు తాను పౌలు శిష్యుడైన డయోనిసియస్‌నే అన్నట్టు రాశాడు. క్రీ.శ. 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ఒక మతచర్చలో ఒక పక్షం వీటిని ప్రమాణంగా చూపగా, ఎఫెసస్ బిషప్పు హైపాటియస్ సూటిగా ఒక ప్రశ్న వేశాడు: ఇవి అంత పాతవే అయితే పూర్వపు మహా మతాచార్యులైన అథనేషియస్‌కు, సిరిల్‌కు తెలియకుండా ఎలా ఉంటాయి? ఆ ప్రశ్నకు సమాధానం రాకపోయినా గ్రంథాలు మాత్రం గెలిచాయి.

క్రీ.శ. 827లో బైజాంటియమ్ చక్రవర్తి రెండవ మైఖేల్ ఈ గ్రంథాల ప్రతిని ఫ్రాంకుల చక్రవర్తి లూయీకి కానుకగా పంపాడు. అది సెయింట్ డెనిస్ మఠం చేరింది. మఠాధిపతి హిల్డ్విన్ దానిని లాటిన్‌లోకి మార్పించి, తమ మఠానికి మూలపురుషుడైన పారిస్ బిషప్పు, పౌలు శిష్యుడు, ఈ గ్రంథకర్త ముగ్గురూ ఒకరేనని చాటుతూ ఒక చరిత్ర రాశాడు. మొదటి శతాబ్దపు ఏథెన్స్ పౌరుడు, మూడవ శతాబ్దపు పారిస్ హతసాక్షి, తన ఊరూ పేరూ దాచుకున్న ఒక తత్వవేత్త ఆ విధంగా ఒకే శరీరంలో ఇమిడిపోయారు. పేరు ఒక్కటి కావడం తప్ప దీనికి ఆధారం లేదు. మఠం గౌరవానికి అది చాలింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం పన్నెండవ శతాబ్దానిది. తర్కంలో సాటిలేని అబెలార్డ్ అప్పుడు ఆ మఠంలోనే సన్యాసి. ఒకనాడు ఎనిమిదవ శతాబ్దపు ఇంగ్లండ్ సన్యాసి బీడ్ రాసిన బైబిలు వ్యాఖ్య చదువుతూ, ఆరియోపగస్ డయోనిసియస్ ఏథెన్స్‌కు కాదు, కొరింత్‌కు బిషప్పు అన్న వాక్యాన్ని చూసి, సరదాకు తోటివారికి చూపించాడు. మఠం భగ్గుమంది, ఇది ఫ్రాన్స్ రాజ్యానికే అవమానమన్నంత దాకా పోయింది. అబెలార్డ్ రాత్రికి రాత్రి పారిపోవలసి వచ్చింది. తమాషా ఏమిటంటే బీడ్ మాట కూడా తప్పే. ఆయన ఆరియోపగస్ డయోనిసియస్‌తో కలిపేసినది రెండవ శతాబ్దపు కొరింత్ బిషప్పును. ఒక తప్పుడు డయోనిసియస్‌ను మరొక తప్పుడు డయోనిసియస్‌తో ఎదిరించినందుకు ఒక మేధావి పరుగు తీశాడన్నమాట.

పదిహేనవ శతాబ్దంలో లొరెంజో వల్లా, ఆ తరువాత ఎరాస్మస్ అనుమానాలకు మళ్లీ ప్రాణం పోశారు. 1895లో జర్మన్ పండితులు కోహ్, స్టిగ్ల్‌మేర్ ఇద్దరూ విడివిడిగా పరిశోధించి, ఈ గ్రంథాలలోని భాగాలు క్రీ.శ. 485లో మరణించిన ప్రొక్లస్ అనే తత్వవేత్త రచనల నుంచి తీసుకున్నవని నిరూపించడంతో వివాదం ముగిసింది. అప్పటికి మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ ఆ గ్రంథాలను వెయ్యికి పైగా సార్లు ఉదాహరించి వెళ్లిపోయి ఆరు వందల ఏళ్లు దాటింది. అసలు రచయిత పేరు ఈనాటికీ తెలియదు. పండితులు ఆయనను మిథ్యా డయోనిసియస్ అంటారు. తనది కాని పేరుతోనే ఆయన బతుకుతున్నాడు.

ఇంత గందరగోళానికీ మందు ఎప్పుడో చెప్పినవాడు కూడా డయోనిసియస్ అనే పేరువాడే కావడం విశేషం. క్రీ.శ. 248 నుంచి 264 వరకు అలెగ్జాండ్రియాకు బిషప్పుగా ఉన్న డయోనిసియస్, యోహాను సువార్త రాసిన యోహాను, ప్రకటన గ్రంథం రాసిన యోహాను వేర్వేరు మనుషులని వాదించాడు. ఆయన వాదాన్ని యుసేబియస్ తన చర్చి చరిత్రలో భద్రపరిచాడు. ఒకటి సాఫీగా సాగే గ్రీకు, మరొకటి వ్యాకరణం తప్పే గ్రీకు అని శైలిని పోల్చి చూపాడు. ఎఫెసస్‌లో యోహానువని చెప్పే సమాధులు రెండు ఉన్నాయని గుర్తు చేశాడు. విశ్వాసుల పిల్లలలో ఎందరికో పౌలు, పేతురు అన్న పేర్లు ఉన్నట్లే యోహాను అన్న పేరూ ఎందరికో ఉంటుందని అన్నాడు. పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడు కాడన్న ఈ సూత్రాన్ని, ఆరు శతాబ్దాల తరువాత హిల్డ్విన్ ఆయన పేరుకే వర్తింపజేయలేకపోయాడు.

నేను పొరబడిన ఇంకొక డయోనిసియస్ సంగతి చెప్పాలి. ఇప్పటి రుమేనియా తీరప్రాంతమైన స్కితియా నుంచి రోమ్‌కు వచ్చిన ఈ సన్యాసి తనను తాను ఎక్సిగూస్, అంటే అల్పుడు అని చెప్పుకున్నాడు. క్రీ.శ. 525లో ఈస్టర్ తేదీల పట్టికను పొడిగిస్తూ, అంతవరకు వాడుకలో ఉన్న రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ శకాన్ని పక్కనబెట్టాడు. క్రైస్తవులను హింసించినవాడి పేరుతో ఏళ్లు లెక్కించడం తగదని, క్రీస్తు అవతారం నుంచి లెక్కించడం మేలని ఆయన భావం. డయోక్లీషియన్ 247వ ఏడు ముగిసిన చోట ఆయన పట్టికలో 532 మొదలవుతుంది. ఆయన లెక్క కొన్నేళ్లు తప్పింది; యేసు పుట్టినప్పుడు హేరోదు రాజుగా ఉన్నాడని సువార్త చెబుతుండగా, హేరోదు క్రీ.పూ. 4లోనే మరణించాడని ఎక్కువమంది చరిత్రకారులు లెక్క కడతారు. అయినా ఆ లెక్కనే బీడ్ అందిపుచ్చుకున్నాడు, అదే లోకమంతా నిలిచింది. ఈ వ్యాసంలో నేను వేసిన ప్రతి సంవత్సరమూ ఆ అల్పుడి అప్పే.

తరువాతి కాలపు డయోనిసియస్‌లు పేరు మార్చుకుని తిరిగారు. 1261 అక్టోబర్ 9న, అంటే సెయింట్ డెనిస్ పండుగ రోజున పుట్టిన పోర్చుగల్ రాజకుమారుడు దినిస్ అయ్యాడు. ఆ దేశపు మొదటి విశ్వవిద్యాలయం అతడి చలవే. నేటి ప్రెషర్ కుక్కర్‌కు మూలమైన ఆవిరి పాత్రను 1679లో తయారుచేసిన పాపాన్, విజ్ఞాన సర్వస్వాన్ని నడిపించిన దిదరో ఇద్దరూ డెనిస్‌లే. ఇంగ్లిష్‌లో అది డెన్నిస్. కేరళలోని సిరియన్ క్రైస్తవ బిషప్పులు అదే పేరును మలయాళపు ఉచ్చారణతో దివన్నాసియోస్ అంటారు. 1815లో కొట్టాయంలో పాత సెమినరీ అనే మతవిద్యాలయాన్ని స్థాపించినది ఆ బిరుదు గలవారే. గ్రీసు జాతీయగీతం రాసిన సొలొమోస్ పేరు డయోనిసియోస్ అని మూలరూపంలోనే నిలిచింది. 1970ల తొలి ఏళ్లలో సి ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీని థ్రాక్స్ పక్కన పెట్టి చూడడం నాకు సరదా. ఒక భాషకు వ్యాకరణం రాసిన డయోనిసియస్ ఒకడు, వ్యాకరణమే భాషగా కట్టిన డయోనిసియస్ ఇంకొకడు.

తాను ఎవరో తానే చెప్పుకున్న డయోనిసియస్ ఒక్కడు నాకు తెలుసు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో సుమారు 1,200 పంక్తుల గ్రీకు పద్యంలో భూమండలాన్నంతా వర్ణించిన కవిని లోకసంచారి అని పిలిచేవారు. ఆ పద్యం తరతరాలు పాఠ్యపుస్తకంగా నిలిచింది, లాటిన్‌లోకి రెండుసార్లు వెళ్లింది. ఆయన ఏ ఊరివాడు, ఏ కాలంవాడు అన్నది మాత్రం పండితులకు తేలలేదు. పంతొమ్మిదవ శతాబ్దం చివర ఒక జర్మన్ పాఠకుడు కొన్ని పంక్తుల మొదటి అక్షరాలను పైనుంచి కిందికి కలిపి చదివాడు. ఇది ఫేరోస్‌కు ఇవతలివాడైన డయోనిసియస్ రచన అని ఒకచోట, హేడ్రియన్ కాలంలో అని మరొకచోట వచ్చింది. ఫేరోస్ అంటే అలెగ్జాండ్రియా దీపస్తంభం ఉన్న దీవి. ఊరూ, పేరూ, కాలమూ అన్నీ పద్యం అంచునే పదిహేడు శతాబ్దాలకు పైగా నిలబడి ఉన్నాయి.